నూకరాజు భుజం మీద మచ్చ

నూకరాజును బండి ఎక్కించింది మా ఆయన బొటనవేలు. ఆ బండివాళ్ళు వాడినే ఎక్కించేలా చేసింది మా అత్తగారి చెయ్యి. ఇద్దరికీ వాడి మీద కోపం లేదు. ఇద్దరూ మంచే చేద్దామనుకున్నారు. ఆ ఎండాకాలం మా ఇంటిని ఇంత పని చేసింది ఆ రెండు మంచి పనులే.

నూకరాజు మా వీధి కుక్క. బియ్యపు నూకల్లా తెల్లగా ఉంటాడని మా అత్తగారు నాంచారమ్మ ఆ పేరు పెట్టింది. విజయనగరం వైపు మనుషులు పెట్టుకునే పేరది. రాయపూర్‌లో, ఆరంగ్ వెళ్ళే రోడ్డు పక్కన ఉన్న మా కాలనీలో, దాన్ని పూర్తిగా పలికేది ఆవిడొక్కతే. మిగతావాళ్ళకి వాడు రాజు.

మార్చి చివర కాలనీకి కెమెరాలు వచ్చాయి. తెప్పించింది మా ఆయన పృథ్వీ. కమిటీ సెక్రటరీ తనే. అంతకు ముందు ఏడు ఎవరో విషం కలిపిన రొట్టెలు విసిరితే వీధి కుక్కలు కొన్ని కొట్టుకుని కొట్టుకుని చచ్చిపోయాయి. ఆ పొద్దున పృథ్వీ కాఫీ కూడా తాగలేదు. అందుకే కెమెరాల కంపెనీవాళ్ళు వచ్చి చెప్పిన మాట తనకి నచ్చింది. కెమెరా ప్రతి కుక్కనీ ఒంటి మీది మచ్చల్ని బట్టి గుర్తుపడుతుంది. నంబరిస్తుంది. నడక, తోక, చెవులు చూసి ఫోన్‌లో రంగు చూపిస్తుంది. ఆకుపచ్చ అయితే భయం లేదు. ఎరుపు అయితే కుక్కని పట్టుకెళ్ళే బండి వస్తుంది.

"తప్పు చేసిన కుక్కనే తీసుకెళ్తారు. మిగతావాటి జోలికి ఎవరూ రారు," అన్నాడు మీటింగులో. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

నూకరాజుకి నాలుగో నంబరు వచ్చింది. నీళ్ళ ట్యాంకు వెనక తిరిగే భూరీకి తొమ్మిది. అదీ తెల్లదే. కాకపోతే కుడి భుజం మీద అరచేతంత గోధుమరంగు మచ్చ ఉంటుంది.

మే నెలలో ఒక రాత్రి భోజనాల దగ్గర పృథ్వీ ఫోన్ మోగింది.

"నాలుగు కుంటుతోందట," అన్నాడు.

"నాలుగెవర్రా?" అంది అత్తయ్య.

"నీ నూకరాజు."

"మరి ఆ మాట సెప్పు."

చేతిలో ముద్ద వదిలేసి బయటికెళ్ళింది. నిజమే. స్కూటరేదో తగిలినట్టుంది. కుడి ముందుకాలు నేలకి ఆనించడం లేదు. భుజం వాచింది. ఆవిడ వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని కెమెరా వైపు చూసింది.

"మనకంటే ముందు అది సూసింది. మంచిదే నీ కెమెరా," అంది కొడుకుతో.

పృథ్వీ ఆ మాటకి ఎంత పొంగిపోయాడో నాకు తెలుసు. వాళ్ళమ్మ తనని మెచ్చుకోవడం అరుదు.

మర్నాడు పొద్దున్నే అత్తయ్య పాన్ కొట్టు నుంచి సున్నం తెప్పించింది. పసుపులో కలిపి, గరిటెలో వెచ్చజేసి, నూకరాజు భుజానికి పట్టు వేసింది. బెణుకులకి వాళ్ళమ్మ వేసేదట. పసుపు సున్నం కలిస్తే రంగు మారుతుంది కదా, గరిటెలోనే ఎర్రబడింది. ఎండలో ఆరాక గోధుమరంగులోకి తిరిగింది. రోజూ వేసేది. నాలుగో రోజుకి వాడు కాలు కొంచెం ఆనించాడు.

ఆ వారమే ఫణిశ్రీని కుక్క కరిచింది.

ఫణిశ్రీ మా పక్కింటి మురళీమోహన్ గారి కూతురు. ఒకటో తరగతి. ఆయనకి పండరీ బజారులో బట్టల హోల్‌సేల్ దుకాణం. మనిషి మంచివాడే, కూతురి విషయంలో మాత్రం ఒంటికాలి మీద లేస్తాడు. సాయంత్రం పిల్లని ఎత్తుకుని మా గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన చొక్కా తడిసి ముద్దయింది.

"సెక్రటరీ గారూ, ఇదిగో చూడండి. మీ కెమెరాలు ఏం చేస్తున్నాయి?"

పిల్ల పిక్క మీద రెండు పళ్ళ గాట్లు. పెద్ద గాయం కాదు. కానీ కుక్క కాటు. సబ్బుతో కడగమని చెప్పి నేనే వాళ్ళని స్కూటీ మీద ఆస్పత్రికి తీసుకెళ్ళాను. అక్కడ నర్సు ఇంజక్షన్ ఇచ్చి గట్టిగా చెప్పింది: "ఇంజక్షన్లు ఒక్కటి కూడా మానకండి. ఆ కుక్క మీద కూడా పది రోజులు కన్నేసి ఉంచండి. జబ్బు పడిందా, చచ్చిపోయిందా, వెంటనే చెప్పండి."

"ఏ కుక్కమ్మా?" అని దారంతా అడిగాడు వాళ్ళ నాన్న. ఫణిశ్రీ "కుక్క" అంది. ఇంకో మాట చెప్పలేదు.

చెప్పింది కెమెరా. కరిచిన చోటు దానికి కనబడలేదు కానీ, ట్యాంకు వైపు నుంచి పిల్ల ఏడుస్తూ పరిగెత్తుకు రావడం, వెనకాలే తొమ్మిదో నంబరు మొరుగుతూ మలుపు దాకా వచ్చి ఆగిపోవడం కనబడింది. తొమ్మిది ఎర్రబడింది. పృథ్వీ ఫోన్‌లో ఒక ప్రశ్న వచ్చింది: తీసుకెళ్ళమంటారా? మురళీమోహన్ ఎదురుగా నిలబడి ఉన్నాడు. పృథ్వీ నొక్కాడు.

మర్నాడు మధ్యాహ్నం బండి వచ్చింది. ఇక్కడివాళ్ళు నౌతపా అంటారు, నిప్పులు కురిసే తొమ్మిది రోజుల ఎండ. ఆ ఎండలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఎవరూ చూడలేదు.

సాయంత్రం అత్తయ్య అన్నం గిన్నె పట్టుకుని అరుగు మీద నిలబడింది.

"నూకరాజూ. ఒరే నూకరాజూ."

ఎక్కడున్నా మూడో పిలుపుకి వచ్చేవాడు. రాలేదు. వీధి చివరి దాకా వెళ్ళి పిలిచి వచ్చింది. అన్నం గిన్నె అలాగే ఉంది. నేను పృథ్వీ ఫోన్ తీసుకున్నాను. తొమ్మిది పట్టుబడింది అని ఉంది. కింద బండివాళ్ళు తీసిన ఫొటో. తెల్లటి కుక్క, కుడి భుజం మీద గోధుమరంగు మచ్చ. బోనులో నిలబడి ఉంది. కుడి ముందుకాలు పైకెత్తి పెట్టుకుంది.

నేను ఫోన్ అత్తయ్యకి అందించాను. ఆవిడ చాలాసేపు చూసింది. తర్వాత తన కుడి అరచెయ్యి తిప్పి చూసుకుంది. వేళ్ళ సందుల్లో ఇంకా ఎర్రగానే ఉంది.

"నానే పెట్టినాను ఆ మచ్చ," అంది.

పృథ్వీ ఫొటో పెద్దది చేసి చూశాడు. "నైంటీ ఫోర్ పర్సెంట్ మ్యాచ్ అని వచ్చిందమ్మా."

"అది మగ కుక్క. భూరీ ఆడది. అదైనా సూడలేదేట్రా ఎవరూ?"

"అందులో మచ్చలే చూస్తారు. ఆడా మగా లేదు."

"ఫొటో వచ్చినప్పుడు నువ్వైనా సూసినావా?"

పృథ్వీ కంపెనీకి ఫోన్ చేశాడు. ఫిర్యాదు తీసుకున్నామని, పట్టిన కుక్కలు ఆరంగ్ అవతల తమ షెడ్డులో ఉంటాయని, పరిశీలించి మూడు రోజుల్లో తిరిగి ఫోన్ చేస్తామని అవతల అమ్మాయి మర్యాదగా చెప్పింది. ఎర్రబడిన కుక్కల్ని ఆ షెడ్డు నుంచి తర్వాత ఎక్కడికి పంపుతారని నేను అడిగించాను. ఆ సమాచారం తన దగ్గర లేదంది, అంతే మర్యాదగా.

ఆ రాత్రి అత్తయ్య కొడుకుతో మాట్లాడలేదు. నాతో మాత్రం, "రేపు పోదాం. నిమ్మకాయలు తీసి పెట్టు," అంది.

"నిమ్మకాయలెందుకు? ఆ మచ్చని షాంపూతో కడిగేద్దాం."

"సబ్బు తగిలితే ఇంకా ఎర్రబడతాది. పసుపు సీర ఉతకలేదా ఎప్పుడూ? పులుపు తగిలితేనే ఎరుపు ఇరుగుద్ది."

పొద్దున మేం బయల్దేరబోతుంటే ఫణిశ్రీ వచ్చింది. కాలికి కట్టు, చేతిలో స్టీలు గ్లాసు, దాని మీద మూత.

"మామ్మా, ఒక రొట్టె ఇస్తావా?"

"నీకా?"

"నాకు కాదు. భూరీకి. పాలు తెచ్చా. రొట్టె కూడా కావాలి."

అత్తయ్య చెప్పులేసుకుంటున్నదల్లా ఆగింది. "భూరీ ఎక్కడుందే?"

పిల్ల అటూ ఇటూ చూసింది. తర్వాత కెమెరాకి వీపు తిప్పి చెప్పింది. ట్యాంకు వెనక పాత పైపుల్లో భూరీ నాలుగు పిల్లల్ని పెట్టింది. ఒకదానికి ఇంకా కళ్ళు సరిగా తెరుచుకోలేదు. దాన్ని ఎత్తుకుంటే కుయ్యోమంది. అప్పుడు భూరీ కరిచింది.

"గట్టిగా కాదు మామ్మా. ఒక్కసారే. తర్వాత దానికే భయమేసింది."

"మరి మొన్ననే సెప్పలేదేమే?"

"నన్ను అడిగినప్పుడు నాకు ఏడుపొస్తోంది. తర్వాత అందరూ ఫోన్ చూశారు." పిల్ల గ్లాసు మీది మూత సరిచేసుకుంది. "భూరీ బయటికొస్తే కెమెరా చూసేస్తుంది. అందుకని నేనే తీసుకెళ్తున్నా."

అత్తయ్య లోపలికెళ్ళి రొట్టె కాదు, రాత్రి మిగిలిన అన్నంలో పెరుగు కలిపి గిన్నె తెచ్చింది. పిల్ల చేతికి ఇవ్వలేదు. తనే పట్టుకెళ్ళి పైపు ముందు పెట్టి, దూరంగా నిలబడి చూసి వచ్చింది. ఫణిశ్రీని అటు వెళ్ళనివ్వలేదు.

స్కూటీ మీద మందిర్ హసౌద్ దాటాం, ఆరంగ్ దాటాం. తువ్వాళ్ళు తలకి చుట్టుకున్నా గాలి చెంపల్ని కాలుస్తోంది. దారిలో నేనొక్కటే అన్నాను. "అత్తయ్యా, పది రోజులు కన్నేసి ఉంచాల్సింది కరిచిన కుక్కని. అక్కడ కూర్చోబెట్టి చూస్తున్నది కరవని కుక్కని."

ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసింది.

మహానదికి ఇవతల, పొలాల మధ్య రేకుల షెడ్డు. నేను భయపడినంత ఘోరంగా లేదు. నీళ్ళు పెట్టారు, పెద్ద ఫ్యాన్లు తిరుగుతున్నాయి. కాకపోతే ఏ కుక్కా మొరగడం లేదు. కాపలా ఉన్నాయన పేరు సాహూ. ఛత్తీస్‌గఢీలో మాట్లాడాడు. అత్తయ్య మాట ఆయనకీ, ఆయన మాట అత్తయ్యకీ నేనే మార్చి చెప్పాను. అత్తయ్యని దాయీ అని పిలిచాడు, అంటే అమ్మా అని.

నూకరాజు చివరి బోనులో ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు. అత్తయ్య దగ్గరికెళ్ళి మామూలు గొంతుతో "నూకరాజూ" అంది. తోక నేల మీద కొట్టుకుంది. తర్వాత మూడు కాళ్ళ మీద లేచి వచ్చి ముక్కు ఊచల్లోంచి బయటపెట్టాడు.

"ఇది మీదే. నాకు తెలుస్తోంది," అన్నాడు సాహూ. "మగది. కాలు కుంటి. పేరు పిలిస్తే వచ్చింది. నాకూ కళ్ళున్నాయి దాయీ. కానీ తాళం దీని చేతిలో ఉంది." ఫోన్ ఎత్తి బోను ముందు పెట్టాడు. తొమ్మిది అని ఎర్రగా వెలిగింది. "ఇది నాలుగు అంటేనే తలుపు తెరుచుకుంటుంది."

"నాలుగంటే ఏటవుద్ది?"

"మీ కుక్క మీకొస్తుంది. తొమ్మిది ఇంకా బయటే ఉందని వెంటనే బండి వెళ్తుంది."

"తీసుకొచ్చి?"

"పది రోజులు ఇక్కడ. తర్వాత ఇంకో బండి వస్తుంది. దాంట్లో వెళ్ళినవి నేను మళ్ళీ చూడలేదు."

"పిల్లల తల్లి అయితే?"

సాహూ నేల వైపు చూశాడు. "పిల్లలకి నంబర్లుండవు దాయీ."

అత్తయ్య సంచిలోంచి నిమ్మకాయ తీసింది. చాకుతో కోసింది. సగం ముక్క వేళ్ళ మధ్య పట్టుకుని బోను ముందు గొంతుక్కూర్చుంది. నూకరాజు ఆవిడ మణికట్టు నాకుతున్నాడు. ఆవిడ పిండలేదు.

"పిండండి అత్తయ్యా," అన్నాను. నాకు వాణ్ణి తీసుకుని వెళ్ళిపోవాలని ఉంది. ఇంకేమీ ఆలోచించాలని లేదు.

"ఇది పిండితే అక్కడ అది పోద్ది. పిండకపోతే ఇక్కడ ఈడు పోతాడు. కాటు తిన్న ఆ పిల్లదాని సంగతేమో ఎవరికీ తెలీదు." ఆవిడ ముక్కని కొంగులో పెట్టుకుంది. "నీ ఫోనియ్యి."

పృథ్వీ మొదటి రింగుకే ఎత్తాడు. నిన్నటి నుంచి ఆవిడ కొడుకుతో మాట్లాడిన మొదటి మాటలివి.

"ఒరే, ట్యాంకు ఎనక పైపుల్లో భూరీ పిల్లల్ని పెట్టింది. కరిసింది అదే. నువ్వు బుట్ట తీసుకెళ్ళి పిల్లల్ని తెచ్చి మన కారు షెడ్డులో పెట్టు. అది ఎనకాలే వస్తాది. గేటెయ్యి, మన గేటు దాటి బండివాళ్ళు రారు. పది రోజులు మనమే సూద్దాం. మురళీమోహన్‌కి నువ్వే సెప్పు."

"అమ్మా, రేపు మీటింగుంది. నేను సెక్రటరీని. ఎర్ర కుక్కని మనింట్లో దాచానంటే..."

"దాయొద్దు. అందరికీ సెప్పు. సెప్పి పెట్టు. నాను ఇక్కడే కూసుంటాను. అది మన గేటు లోపలికొచ్చినాకే నిమ్మకాయ పిండుతాను."

ఫోన్ నాకిచ్చేసి, గోడకి ఆనుకుని కూర్చుంది. సాహూ కుండలోంచి నీళ్ళు తెచ్చిచ్చాడు. తర్వాత తనూ పక్కనే కూర్చున్నాడు. ఆవిడ తెలుగు ఆయనకి రాదు. ఆయన మాటలు ఆవిడకి సగమే అర్థమవుతాయి. అయినా వాళ్ళిద్దరూ గేదెల గురించి, ఎండ గురించి ఏదో మాట్లాడుకున్నారు. నేను ఫోన్ వైపే చూస్తూ ఉన్నాను. పృథ్వీ చేయడని అనుకున్నాను. పెళ్ళయినప్పటి నుంచి తను కుక్కని తాకగా నేను చూడలేదు. చిన్నప్పుడు ఎప్పుడో భయపడ్డాడట.

ఎండ షెడ్డు మీద నుంచి వాలింది. అప్పుడు వీడియో వచ్చింది.

మా కారు షెడ్డు. కారు బయట ఎండలో ఉంది. లోపల గోనె సంచి పరిచి ఉంది. దాని మీద బట్టలుతికే బుట్ట, అందులో కుక్కపిల్లలు. భూరీ గేటు దగ్గర గుర్రుమంటూ నిలబడి, ఒక్కో అడుగే వేస్తూ, చివరికి బుట్ట పక్కన కూలబడింది. గేటు వేసిన చెయ్యి పృథ్వీదే. మోచేతి దాకా గోనెపట్టా చుట్టుకుని ఉంది. గేటు బయట కర్ర పట్టుకుని మురళీమోహన్, ఆయన ప్యాంటు పట్టుకుని ఫణిశ్రీ.

"దీన్ని పది రోజులూ రోజూ నేను స్వయంగా వచ్చి చూస్తాను, చెబుతున్నా," అంటున్నాడు ఆయన వీడియోలో. "తప్పు కుక్కని పట్టుకుని నా పిల్ల ప్రాణంతో ఆటలా? ఆ కంపెనీవాడి నంబరు ఇలా ఇవ్వండి."

అత్తయ్య వీడియో రెండుసార్లు చూసింది. కొంగులోంచి నిమ్మకాయ ముక్క తీసి నూకరాజు భుజం మీద పిండింది. మెల్లగా, కంటికి తగలకుండా. గోధుమరంగు కాస్తా మా కళ్ళ ముందే పసుపుపచ్చగా మారిపోయింది. సాహూ నోరు తెరిచి చూశాడు. నీళ్ళు పోసి, మళ్ళీ పిండి, మళ్ళీ తుడిచాం.

సాహూ ఫోన్ బోను ముందు పెట్టాడు. తెర మీద చక్రం కాసేపు గిర్రున తిరిగింది. నాలుగు, అంది.

ఇంటికొచ్చేటప్పుడు నూకరాజు మా ఇద్దరి మధ్యా స్కూటీ మీద కూర్చున్నాడు. నా జాకెట్టు వీపంతా పసుపే. గేటు దగ్గర పృథ్వీ నిలబడి ఉన్నాడు. వాళ్ళమ్మ దిగి, గోనెపట్టా రాసుకుని ఎర్రగా కందిన అతని చేతిని పట్టుకుని చూసింది.

"కరిసిందా?"

"లేదు."

"భయమేసిందా?"

"వేసింది."

"అన్నం తిన్నావా?"

"లేదమ్మా."

"రా," అంది.

మీటింగులో గొడవ బాగానే అయింది. కొందరు భూరీని అప్పగించాల్సిందే అన్నారు. పృథ్వీ ఫోన్ చూసి నొక్కింది తనేనని, బండివాళ్ళు పంపిన ఫొటో చూడలేదని లేచి చెప్పాడు. కెమెరాలు ఉంటాయని, కానీ ఇకపై ఫోన్ ఎరుపు చూపిస్తే ముందు తను వెళ్ళి ఆ కుక్కని స్వయంగా చూస్తానని, దానికి అన్నం పెట్టే మనిషిని అడుగుతానని, అప్పుడే నొక్కుతానని అన్నాడు. సెక్రటరీ పదవి అక్కర్లేకపోతే తీసుకోమన్నాడు. ఎవరూ తీసుకోలేదు. ఆ పని ఎవరికి కావాలి?

మురళీమోహన్ మాట నిలబెట్టుకున్నాడు. రోజూ పొద్దున దుకాణానికి వెళ్ళే ముందు కర్ర పట్టుకుని వచ్చి గేటు సందులోంచి భూరీని చూసేవాడు. తింటోందా, నీళ్ళు తాగుతోందా, చొంగ కారుస్తోందా అని నన్ను పోలీసులా అడిగేవాడు. కొన్నాళ్ళకి కర్ర మర్చిపోయి వచ్చాడు. తర్వాత ఒక రోజు జేబులో బిస్కట్ ప్యాకెట్ ఉంది. ఫణిశ్రీ పంపిందన్నాడు. ప్యాకెట్ మీద ధర కాగితం పండరీలో ఏదో కిరాణా కొట్టుది.

పది రోజులు గడిచాయి. భూరీకి ఏమీ కాలేదు. ఆ తర్వాత ఫణిశ్రీ ఇంజక్షన్లు కూడా అన్నీ అయ్యాయి. కారు ఆ వేసవంతా ఎండలోనే ఉంది, రంగు పోయింది. పృథ్వీ ఒక్కసారీ దాని గురించి మాట్లాడలేదు.

జూన్ మూడో వారంలో మొదటి వాన పడింది. నూకరాజు భుజం మీద మిగిలిన పసుపు ఆ వానకి పూర్తిగా పోయింది. కానీ చల్లదనానికి పాత దెబ్బ మళ్ళీ సలిపినట్టుంది. రాత్రి భోజనాల దగ్గర ఫోన్ మోగింది.

పృథ్వీ చూశాడు. ఈసారి నంబరు చెప్పలేదు.

"నూకరాజు కుంటుతున్నాడు," అని లేచాడు.

చెయ్యి కడుక్కుని, తనే గరిటెలో పసుపు వేసి పొయ్యి మీద పెట్టాడు. సున్నం డబ్బా వైపు చెయ్యి పోయి ఆగింది.

"సున్నం లేకుండా వేస్తే చాలదా అమ్మా?"

"సాలదు. వాపు దిగదు."

పృథ్వీ డబ్బా మూత తీశాడు. గరిటెలో పసుపు ఎర్రబడింది. ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని వానలోకి వెళ్ళబోతున్నాడు.

"కుర్చీ ఎందుకురా?" అంది అత్తయ్య.

"మచ్చ పోయేదాకా వాడి పక్కన ఎవరో ఒకరు ఉండాలి కదా," అన్నాడు. "బండివాళ్ళొస్తే వీడు నూకరాజని చెప్పడానికి."